నీటి గీతను ముందే చూసిన ఇంజనీరు
నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జీవిత విశేషాలు

మన ఇళ్ళలో గొప్పవారి మాట వచ్చినప్పుడు కవుల పేర్లు చెప్పుకుంటాం, నవాబుల పేర్లు చెప్పుకుంటాం, ఆలిముల పేర్లు చెప్పుకుంటాం. ఇంజనీర్ల పేర్లు చెప్పుకోవడం చాలా తక్కువ. మన పొలానికి నీళ్ళిచ్చే కాలువ ఎవరి హయాంలో తవ్వారో, ఆ చెరువు ఎవరి ఆలోచనో అడిగే పిల్లలు లేరు, చెప్పే పెద్దలూ తగ్గిపోయారు. ఈసారి సావనీరుకు ఏదైనా వ్రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు మాకు ముందుగా తోచిన పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారిది. మేము బడిలో లెక్కలు చెప్పుకునే వాళ్ళం. కాబట్టి వారి జీవితాన్ని కూడా లెక్కల మాస్టరు కళ్ళతోనే చూశాము. మధ్యలో కొంచెం పాఠం వినిపిస్తే పాఠకులు మన్నించాలి.

వారి అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11వ తేదీన హైదరాబాదులో జన్మించారు. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలులోను, మదర్సా-ఎ-ఆలియాలోను, పిదప నిజాం కాలేజీలోను చదువుకున్నారు. 1896లో సర్కారు వారి వజీఫా మీద ఇంగ్లాండు వెళ్ళి కూపర్స్ హిల్ అనే చోట ఉన్న రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరారు. హిందుస్తాన్‌లో రోడ్లు, వంతెనలు, కాలువలు కట్టడానికి కావలసిన ఇంజనీర్లను తయారు చేయడానికే ఆ కాలేజీని 1870 దశకంలో పెట్టారు, 1906లో మూసేశారు. అక్కడ చదువు ముగించుకుని 1899లో మన నవాబు గారు తిరిగి వచ్చి హైదరాబాదు సంస్థానపు తామీరాత్ శాఖలో, అంటే ప్రజాపనుల శాఖలో, ఉద్యోగంలో కుదిరారు. అప్పటికి వారికి 22 ఏళ్ళు.

ఇంజనీరింగ్ కాలేజీలో మొదట నేర్పేది సున్నం, ఇటుక గురించి అని చాలామంది అనుకుంటారు. అన్నిటికంటే ముందు నేర్పేది చూడటం. ఇంకా లేని వస్తువును మనసులో నిలబెట్టి నాలుగు వైపుల నుంచి చూడాలి. మధ్యలో కోస్తే లోపల ఎలా ఉంటుందో చూడాలి. దాన్ని చదునైన కాగితం మీద గీయాలి. ఆ కాగితం చూసి ఇంకొకడు తప్పు లేకుండా కట్టాలి. ఈ విద్యకు ఒక పద్ధతిని ఏర్పరచినవాడు ఫ్రాన్సు దేశస్థుడు గస్పార్ మోంజ్. 1746లో పుట్టి 1818లో పోయాడు. ఒక సమతలాన్ని నేల మాదిరి అడ్డంగా, ఇంకొక సమతలాన్ని గోడ మాదిరి నిలువుగా ఊహించుకుని, వస్తువు నీడను రెండింటి మీదా పడనిచ్చి, ఆ తర్వాత గోడను నేల మీదికి మడిచేస్తే రెండు బొమ్మలూ ఒకే కాగితం మీదికి వస్తాయి. కోటలు కట్టడంలో దీని వల్ల ఎంత లాభం కలిగిందంటే, ఫ్రెంచి సైన్యం వారు చాలా ఏళ్ళు దీన్ని బయటికి పొక్కనివ్వలేదు. ఇవాళ ఏ డ్రాయింగు ఆఫీసులో చూసినా ప్లాను, ఎలివేషను అని గీసేవి ఆ మడతలోంచి వచ్చినవే.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పుకోవాలి. మేము పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి ఇంటరులో లెక్కలు తీసుకున్నాము. సమతలం అనే పాఠం వచ్చింది. రెండు సమతలాలు ఒక సరళరేఖలో ఖండించుకుంటాయి అనే వాక్యాన్ని కంఠస్థం చేశాము, సమీకరణాలు కూడా గడగడా వ్రాశాము. పరీక్షలో దాని బొమ్మ గీయమంటే మాత్రం కాగితం తెల్లగా ఇచ్చి వచ్చాము. మాకు చెప్పిన వారు ఎప్పుడూ బోర్డు మీద చూపించలేదు, మేమూ అడగలేదు. చాలా రోజుల తర్వాత ఇంట్లో ఖురాను షరీఫు పెట్టే రెహల్‌ను తుడుస్తూ ఉంటే అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. రెండు పలకలు ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయి, సరిగ్గా ఒక్క గీత వెంబడి కలుసుకుని ఉన్నాయి. ఆ గీత రెండు పలకలకూ ఉమ్మడి. ఎంత తెరిచినా ఎంత మూసినా గీత గీతే. చిన్నప్పటి నుంచి మా కళ్ళ ముందరే ఉన్న వస్తువు అది!

అప్పటి నుంచి మా క్లాసులో ఈ పాఠం రెహల్‌తోనే మొదలవుతుంది. ఉర్దూలో ముస్తవీ అన్నా, తెలుగులో సమతలం అన్నా పిల్లలు ముందు పలకను తడిమి చూస్తారు. తర్వాత గది మూలకు తీసుకుపోతాము. రెండు గోడలు నిలువు గీతలో కలిశాయి, ఆ గీత నేలను ఒక్క బిందువు దగ్గర తాకింది. మూడు సమతలాలు కలిస్తే ఒక బిందువు. పుస్తకంలో మూడు కాగితాలు విప్పి పట్టుకుంటే మూడూ ఒకే కుట్టు గీతలో కలుస్తాయి. అది ఇంకొక తీరు. మూడు అట్టలను గొట్టంలాగా నిలబెడితే రెండేసి అట్టలు కలుస్తాయి గాని మూడింటికీ ఉమ్మడి బిందువు ఎక్కడా దొరకదు. అది మరొక తీరు. సమీకరణాలు చేసేటప్పుడు ఒకే జవాబు, అనేక జవాబులు, జవాబు లేదు అని మూడు రకాలుగా ఎందుకు వస్తాయో పిల్లవాడికి అప్పుడు అర్థమవుతుంది.

ఇక నవాబు గారి దగ్గరికి వద్దాము. వారు నౌకరీలో చేరిన తొమ్మిదేళ్ళకు, 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచింది. వేలమంది చనిపోయారు. ఆ తరువాత సంస్థానం వారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. వారి సలహా మీద మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ వచ్చాయి. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నీటిని అదుపులో పెట్టకపోతే ఊళ్ళు మిగలవని, అదుపులో పెడితే పొలాలు పండుతాయని ఆ కాలపు ఇంజనీర్లందరికీ ఆ వరద నేర్పింది. 1918లో అలీ నవాజ్ జంగ్ గారు సంస్థానానికి చీఫ్ ఇంజనీరు, ప్రజాపనుల శాఖ కార్యదర్శి అయ్యారు. నీటిపారుదల భారం వారి భుజాల మీద పడింది.

మన జిల్లాకు సంబంధించిన ఘట్టం ఇక్కడే మొదలవుతుంది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర 700 కిలోమీటర్లకు పైగా తిరిగి వచ్చి మన కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. వానాకాలంలో పొంగి పోతుంది, ఎండాకాలంలో ఇసుక మిగులుతుంది. ఆ నది మీద అచ్చంపేట దగ్గర ఆనకట్ట వేయడానికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారి హయాంలో 1923లో పని మొదలైంది. 1931లో పూర్తయింది. అదే నిజాం సాగర్. అప్పట్లో అది నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. ఆనకట్ట పొడవు సుమారు 3 కిలోమీటర్లు, దాని మీద 14 అడుగుల వెడల్పు దారి. కట్టినప్పుడు పట్టే నీరు దాదాపు 29.7 టి.ఎం.సి. రెండున్నర లక్షల ఎకరాలకు పైగా నీరివ్వాలని తలపెట్టారు.

ఇప్పుడు రెహల్‌ను మళ్ళీ గుర్తు చేసుకోండి. నిలిచిన నీటి పైభాగం ఒక సమతలం. దేవుడు చేసిన సమతలాల్లో దానికంటే నిఖార్సయినది మన కంటికి కనబడదు. నేల మాత్రం సమతలం కాదు. ఎత్తుపల్లాలు, గుట్టలు, వాగులు. నీటి సమతలం నేలను కోసే చోట ఒక వంకర గీత పడుతుంది. ఆ గీతే చెరువు ఒడ్డు. నీటి మట్టం ఒక అడుగు పెంచండి, గీత జరుగుతుంది. ఎంత జరుగుతుందనేది నేల వాలును బట్టి ఉంటుంది. వెయ్యి అడుగులకు ఒక అడుగు వాలే మెత్తని నేలలో నీరు ఒక్క అడుగు పెరిగితే ఒడ్డు వెయ్యి అడుగులు లోపలికి పోతుంది. నిట్రంగా ఉన్న గుట్ట దగ్గర అయితే అదే అడుగుకు ఒడ్డు జానెడు కూడా కదలదు. ఇట్లా ఒక్కొక్క ఎత్తుకు ఒక్కొక్క గీత గీసుకుంటూ పోతే సర్వే పటం మీద కనబడే సమోన్నత రేఖలు, అంటే కాంటూరు గీతలు, వస్తాయి.

మేము దీన్ని పిల్లలకు ఒక తొట్టిలో చూపిస్తాము. మన ఆర్మూరు సిద్ధుల గుట్ట ఎంత చిత్రమైన రాళ్ళ గుట్టో మీకు తెలుసు. అట్లాంటి రాళ్ళు నాలుగు ఏరి తెచ్చి, మట్టితో కలిపి తొట్టిలో చిన్న గుట్ట చేస్తాము. రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి, నీరు తాకిన చోట సుద్దతో గీత గీయిస్తాము. మళ్ళీ రెండు వేళ్ళు, మళ్ళీ గీత. నీళ్ళు తీసేసి పైనుంచి చూస్తే ఒక గీతలో ఇంకొకటి, దానిలో ఇంకొకటి కనబడతాయి. ఒక సంవత్సరం ఒక పిల్ల తన మనసుకు తోచి, వాలు మీద రెండు చింతగింజలు పెట్టి ఇవి ఇళ్ళు అన్నది. తక్కిన పిల్లలు కూడా తలా రెండు గింజలు పెట్టారు. నీళ్ళు పోయడం మొదలైంది. గింజల దగ్గరికి నీరు వచ్చేసరికి గోల చేసే క్లాసు గమ్మున ఐపోయింది. ఎవరి గింజ మునుగుతుంది, ఎవరిది మిగులుతుంది అని చూస్తూ ఉన్నారు. ఇంజనీరింగ్ అంటే ఏమిటో ఆ రోజు వాళ్ళకు మేము చెప్పనక్కర లేకపోయింది.

నిజాం సాగర్ కోసం 40 ఊళ్ళు ఖాళీ చేయించారు. ఇది కాగితం లెక్క. మా మటుకు మాకు అది ఇంటి లెక్క కూడా. మా అమ్మమ్మ గారి తల్లి పుట్టిల్లు ఆ ఊళ్ళలో ఒకటి. ఊరి బావి, జొన్న చేను, ఖబ్రస్తాను అన్నీ నీటి కిందికి పోయాయని, సామాను బండ్ల మీద వేసుకుని వచ్చేశారని మా అమ్మమ్మ చెప్పేది. ఆమె మాటల్లో కోపం ఉండేది కాదు గాని, ఎండాకాలం వచ్చి సాగరులో నీరు తగ్గిందని ఎవరైనా అంటే ఆ ఊరి పేరు తీసి అడిగేది. నీటి గీతకు ఇవతల ఇల్లున్న వాడు ఇంట్లోనే ఉన్నాడు. అవతల ఇల్లున్న వాడు బండి కట్టాడు. ఇద్దరి ఇళ్ళ మధ్య దూరం ఒక్కొక్కచోట నాలుగు అంగలు ఉండి ఉంటుంది. గీత ఎక్కడ పడుతుందో నీరు రాకముందే, ఆనకట్ట లేవకముందే ఆ శాఖ వారికి తెలుసు. తెలియకపోతే నీరే వచ్చి చెప్పేది, అర్ధరాత్రి వచ్చి చెప్పేది. మూసీ అట్లాగే కదా చెప్పింది! ముందే చూడగలగడం వల్ల ఊళ్ళు మునగకుండా ఆగలేదు, కానీ మనుషులు ప్రాణాలతో బయటికి వచ్చారు. నష్టపోయిన వాళ్ళను తలవకుండా నిజాం సాగర్‌ను పొగడటం మాకు ఇష్టం లేదు. వాళ్ళను తలుచుకుంటూనే, ఆ చూపు విలువ కూడా చెప్పాలి.

ఆనకట్ట కన్నా కష్టమైన పని కాలువ. నిజాం సాగర్ ప్రధాన కాలువ పొడవు సుమారు 155 కిలోమీటర్లు, అంటే 96 మైళ్ళు. బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ మీదుగా వచ్చి మన ఆర్మూరు వైపు ముగుస్తుంది. ఇంత దూరం మోటారు లేకుండా, ఎత్తిపోతలు లేకుండా నీరు తనంతట తాను నడిచి రావాలి. కాలువ ఎందుకు వంకర్లు తిరుగుతుంది, సూటిగా తవ్వితే ఖర్చు తగ్గేది కదా అని మన రైతులు కూడా అంటూ ఉంటారు. దీనికి జవాబు సమతలంలోనే ఉంది. చెరువు నుంచి బయలుదేరి బహు కొద్దిగా వాలుతూ పోయే ఒక పెద్ద పలకను మనసులో పరచుకోండి. ఆ పలక నేలను ఎక్కడ కోస్తే కాలువ ఆ గీత వెంబడే పోవాలి. గుట్ట అడ్డం వస్తే గీత గుట్టను చుట్టివస్తుంది, పల్లం వస్తే లోపలికి పోయి మళ్ళీ బయటికి వస్తుంది. నేల వంకరే కాలువ వంకర.

పలక వాలు ఎంత ఉండాలన్నది ఇంకొక తూకం. వాలు ఎక్కువైతే నీరు దూకుతూ గట్లను కోసేస్తుంది. పైగా కాలువ తొందరగా కిందికి దిగిపోతుంది, దానికంటే ఎత్తున మిగిలిన పొలాలకు నీరెక్కదు. వాలు తక్కువైతే నీరు నిదానించి ఒండ్రు కూర్చుంటుంది, కాలువ పూడిపోతుంది. ఉదాహరణకు మైలుకు అర అడుగు చొప్పున అనుకుంటే 96 మైళ్ళకు 48 అడుగులు దిగుతుంది. మైలుకు ఒక అడుగు అనుకుంటే 96 అడుగులు. అర అడుగు తేడా మన దగ్గరికి వచ్చేసరికి 48 అడుగుల తేడా అయింది! అన్ని అడుగుల ఎత్తులో ఎన్ని ఊళ్ళ పొలాలు ఉంటాయో మీరే లెక్క వేసుకోండి. కాలువకు దిగువన ఉన్న చేను ఆయకట్టు, ఎగువన ఉన్న చేను మెట్ట. అన్నదమ్ములు పంచుకున్న భూమిలో ఒకరిది వరి మడి, ఒకరిది జొన్న చేను కావడం మన వైపు కొత్త సంగతి కాదు. వారి మధ్య ఉన్నది ఆ పలక కోసిన గీతే.

సాగరు నీటితో బోధన్ ప్రాంతంలో చెరకు పెరిగింది. ఆ చెరకు ఆధారంగా 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొని వేల కుటుంబాలకు అన్నం పెట్టింది, 2015లో మూతపడేదాకా. మన దిక్కు పసుపు పంటకు బావులే ముఖ్యం. కాలువ పారిన ఏడు పక్క బావుల్లో కూడా నీరు పైకి వస్తుందని మన రైతులకు తెలుసు.

నవాబు గారి పని మన జిల్లాతో ఆగలేదు. ఖమ్మం వైపు వైరా, పాలేరు జలాశయాలు వారి కాలంలోనివే. 1929లో బొంబాయి ప్రభుత్వం సింధు నది మీద కడుతున్న సుక్కూరు బరాజును పరిశీలించడానికి ఇద్దరు ఇంజనీర్లను నియమించింది. ఒకరు విశ్వేశ్వరయ్య గారు, రెండవ వారు మన అలీ నవాజ్ జంగ్ గారు. 1938లో జవహర్‌లాల్ నెహ్రూ గారి అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడినప్పుడు నదులు, నీటిపారుదల ఉపసంఘానికి వారే అధ్యక్షులు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి తొమ్మిదేళ్ళ ముందే దేశపు నదుల గురించి ఆలోచించే పని మన హైదరాబాదు ఇంజనీరు చేతిలో పెట్టారంటే వారి మీద ఎంత నమ్మకమో తెలుస్తుంది. గోదావరి, కృష్ణ, తుంగభద్ర నీళ్ళలో సంస్థానానికి రావలసిన వాటా కోసం కూడా వారు పాటుపడ్డారు.

1949 డిసెంబరు 6వ తేదీన వారు పరమపదించారు. అల్లా వారికి మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత ప్రభుత్వం వారి పుట్టినరోజైన జూలై 11వ తేదీని తెలంగాణ ఇంజనీర్ల దినంగా ప్రకటించింది. అంతకు ముందు పాఠ్యపుస్తకాల్లో వెతికితే వారి పేరు కనబడేది కాదు.

వారు కట్టించినది చెక్కు చెదరకుండా ఉందని చెబితే అది అబద్ధం అవుతుంది. మంజీర తెచ్చిన ఒండ్రు సాగరు అడుగున పేరుకుంది. 29.7 టి.ఎం.సి. ఉన్న సాగరు ఇప్పుడు 1405 అడుగుల పూర్తి మట్టంలో పట్టేది సుమారు 17.8 టి.ఎం.సి. మాత్రమే. పైన నీటి సమతలం కనబడుతూనే ఉంటుంది, కింద నేల పైకి వచ్చేసింది. నదికి ఎగువన సింగూరు కూడా కట్టారు. ఫలితంగా కాలువ చివర ఉన్న మన వాళ్ళకు నీరు అందని సంవత్సరాలు వచ్చాయి. చివరి ఆయకట్టును నిలబెట్టడానికి తర్వాత గోదావరి నుంచి అలీ సాగర్, గుత్ప ఎత్తిపోతల పథకాలు పెట్టారు. నీరు తనంతట తాను నడిచి రావలసిన చోటికి కరెంటుతో ఎత్తి పోయవలసి వచ్చింది. ఏ ఇంజనీరు గీసిన గీత అయినా శాశ్వతం కాదు. వెనక వచ్చినవారు మళ్ళీ కొలిచి, మళ్ళీ గీసుకోవాలి.

అందుకే ఈ నాలుగు మాటలు. మళ్ళీ కొలిచేవారు ఎవరు? మన పిల్లలు కావచ్చు కదా! మా బడిలో చురుకైన పిల్లలు పదో తరగతి కాగానే లెక్కలంటే భయపడి వేరే దారి పడుతున్నారు. ఆడపిల్లలనైతే ఇంట్లోవాళ్ళే ఇంజనీరింగ్ మనకెందుకమ్మా అని ఆపేస్తున్నారు. గింజలను ఇళ్ళుగా చూసిన ఆ పిల్లకు ఉన్న చూపు ఇంజనీరుకు కావలసిన చూపే. దాన్ని పుస్తకంలో వాక్యంగా కంఠస్థం చేయిస్తే చచ్చిపోతుంది, చేతికి వస్తువు ఇచ్చి చూపిస్తే బతుకుతుంది. అబ్బాజాన్లకు, అమ్మీజాన్లకు మా మనవి ఒక్కటే. వచ్చే సెలవుల్లో పిల్లలను తీసుకుని నిజాం సాగర్ కట్ట మీదికి వెళ్ళండి. సాయంత్రం నీటి అంచు ఎక్కడుందో చూపించండి. ఆ గీతను నీరు రాకముందే చూసినవారు ఒకరు ఉండేవారని, హైదరాబాదులో పుట్టి మన జిల్లాకు నీళ్ళిచ్చారని, వారి పేరు మీర్ అహ్మద్ అలీ అని చెప్పండి. గీతకు అవతల ఉండిన 40 ఊళ్ళ సంగతి కూడా చెప్పండి. రెండూ కలిపి చెప్పితేనే పాఠం పూర్తవుతుంది.